రెండు మైక్రాన్లు

సెండాయ్
ఏప్రిల్ 19

మొమోసె గారికి,

నిన్నటి వానకి ఇక్కడి చెర్రీ పూలన్నీ రాలిపోయాయి. ఉత్తరం మొదట్లో ఋతువు గురించి ఒక్క వాక్యం చాలని, రెండోది రాస్తే తపాలా వాళ్ళకి బరువని మీరే అనేవారు. కాబట్టి విషయానికి వస్తున్నాను.

కనబడింది.

మీరు రిటైరయ్యే ఏడాది యూనివర్సిటీ వర్క్‌షాపులో ఆకురాయి తిరగేసి పట్టుకుని మీచేత తిట్లు తిన్న పిల్ల ఇప్పుడు ఇంతవరకూ ఎవరూ చూడనిది చూసింది. ఎలా చూసిందో మీ భాషలో చెబుతాను. టంగ్‌స్టన్ సల్ఫైడ్ స్ఫటికం మీద టేపు అంటించి లాగితే రేకు ఊడి వస్తుంది. అందులో ఒక్కో పొర మూడు పరమాణువుల మందం. ఆ రేకు మీద ముందు ఒక వెలుగు దెబ్బ కొడతాం. లోపలున్నదంతా ఒక్కసారి కుదుపుకి గురవుతుంది. వెంటనే రెండో వెలుగుతో ఫొటో తీస్తాం. రెండు వెలుగుల మధ్య ఎడాన్ని మీరు చేసిన అద్దాల బండి నిర్ణయిస్తుంది. స్క్రూ తిప్పి బండిని వెనక్కి జరిపితే రెండో వెలుగు అంత ఎక్కువ దూరం నడిచి ఆలస్యంగా వస్తుంది. ఒక్కో ఎడానికి ఒక్కో ఫొటో. వాటిని వరసగా తిప్పితే సినిమా.

ఆ సినిమాలో రేకు ఊపిరి తీసుకుంటోంది. వెలుగుతుంది, మసకబారుతుంది, మళ్ళీ వెలుగుతుంది. అల ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకడం కాదు, రేకంతా ఒకే తాళానికి. ఇంకో విచిత్రం ఏమిటంటే, పొరల సంఖ్య మారితే ఈ ఊపిరి వేగం మారాలని పుస్తకాలన్నీ చెబుతాయి. మాకు మారలేదు. మూడు పొరలైనా ఎనిమిదైనా ఒకటే వేగం. పేపరులో మేము చెప్పబోయే కొత్త సంగతి అదే.

పేపరు పత్రికకి పంపాం. పరిశీలకులు ఒక్కటే అడిగారు: బండి ఏ కంపెనీ కేటలాగులోనూ లేదు కాబట్టి దాని కొలతలు రాయమన్నారు. నిరసావా ప్రొఫెసర్ గారు "మొమోసె గారిని అడుగు, ఆయనకి తన పళ్ళ లెక్క గుర్తుండదు గానీ స్క్రూ లెక్క గుర్తుంటుంది" అన్నారు. పొడవు, పిచ్, ఎంత తప్పుందో, ఈ మూడూ రాసి పంపండి.

మీ దగ్గర దాచడం దేనికి, నా ఉద్యోగానికిచ్చిన అయిదేళ్ళ గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. ఉంచాలో పంపాలో అక్టోబరులో కమిటీ తేలుస్తుంది. చేతిలో ఈ పేపరు ఉంటే ఉంటాను. లేకపోతే లేదు.

ఓయికావా చిజురు


ఓకాయా
ఏప్రిల్ 30

చిజురుకి,

సరస్సు మీద గాలి ఇంకా చల్లగానే ఉంది. అయిపోయింది, ఋతువు.

నీ ఉత్తరం ఫుసాయెకి చదివి వినిపించాను. "రేకు ఊపిరి తీసుకుంటుందట" అన్నాను. "మీరు తీసుకున్నట్టా? అయితే ఆ గదిలో ఎవరూ నిద్రపోలేరు" అంది. యాభై రెండేళ్ళుగా నా గురక మీద ఆవిడ పరిశోధన సాగుతూనే ఉంది, పేపరు మాత్రం అచ్చు కాలేదు.

స్క్రూ గురించి అడిగావు. స్క్రూ గురించి చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. ఈ ఊళ్ళో పట్టు దారం తీసే మిల్లులున్న రోజుల్లో ఆయన యంత్రాలు బాగుచేసేవాడు. దారం సన్నంగా, లావుగా, మళ్ళీ సన్నంగా వస్తోందని మిల్లువాళ్ళు మొత్తుకుంటే అందరూ పట్టుకాయల్ని తిట్టేవాళ్ళు, పురుగుల్ని తిట్టేవాళ్ళు, ఆ ఏటి మల్బరీ ఆకుని తిట్టేవాళ్ళు. మా నాన్న ఏమీ అనకుండా చక్రం దగ్గర చెవి పెట్టి కూర్చునేవాడు. ఆయన వింటున్నంతసేపూ నేను ఆయన డబ్బాలోంచి అన్నం తినేసేవాణ్ణి. తొమ్మిదో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తరవాత చదివినదంతా పాత పుస్తకాల కొట్లో నిలబడి చదివిందే. కొట్టాయన "మొమోసె, అద్దెకి కుర్చీ వెయ్యనా?" అనేవాడు. లెక్కలు అక్కడే వచ్చాయి. ఎక్కడున్నాం? స్క్రూ.

1998 నవంబరులో తీశాను. నిరసావా గారికి అప్పుడు తల నిండా జుట్టు. లేత్ మీద నాలుగు రోజులు, చేత్తో రుద్దడం పదకొండు రోజులు. ఉక్కు స్క్రూ మీద కంచు నట్టుని నూనెతో, పొడితో ముందుకీ వెనక్కీ నడిపిస్తూ ఉంటే ఒకదాని తప్పుని ఇంకోటి తినేస్తుంది. చేతికి తగిలే గరుకు పోయాక కూడా రుద్దాలి. అక్కడ ఆపేవాళ్ళే ఎక్కువ.

పొడవు మూడు వందల మిల్లీమీటర్లు. పిచ్ ఒక మిల్లీమీటరు, అంటే చుట్టుకి ఒక మిల్లీమీటరు బండి జరుగుతుంది. తప్పు అర మైక్రాన్ లోపు.

నాకొక కుతూహలం. నీ రేకు ఒక్కసారి ఊపిరి తీసి వదిలేలోపు నా బండి ఎంత దూరం జరుగుతుంది? మిల్లీమీటర్లలో చెప్పు. పికోసెకన్లు నాకు పంటికి తగలవు.

మొమోసె తేయిజి


సెండాయ్
మే 20

మొమోసె గారికి,

కొండల మీద పచ్చదనం కళ్ళలో గుచ్చుకుంటోంది.

పేపరు ఒప్పుకున్నారు. మీ కొలతలు చేర్చి పంపిన తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. "అర మైక్రాన్ లోపు" అన్న మాట చూసి ఒక పరిశీలకుడు, ఇలాంటి పని ఇంకా చేతులతో చేసేవాళ్ళున్నారా అని రాశాడు. దాన్ని కత్తిరించి పంపుతున్నాను, ఫుసాయె గారికి చూపించండి.

ఆ సాయంత్రం నిరసావా గారు అందరికీ బీరు పోయించారు. నాతో, "ఓయికావా, నువ్వు అదృష్టవంతురాలివి కాదు, మొండిదానివి. నన్నడిగితే రెండోదే మేలు" అన్నారు. నేను "ఇదంతా రేకు దయ అండీ" అన్నాను. "రేకులు అందరి దగ్గరా ఉన్నాయి. కళ్ళు నీవి" అన్నారు. ఆయన ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనడం నేను వినలేదు. ఇంటికెళ్ళి బూట్లు కూడా విప్పకుండా గడపలో కూర్చుని కాసేపు ఏడ్చాను. నవ్వకండి.

కమిటీలో ఉన్న ఒకాయన నిన్న నడవలో ఎదురై వంగి నమస్కారం పెట్టాడు. అంతకుముందు నేనక్కడ గోడకున్న గొట్టం లాంటిదాన్ని.

మీరడిగినది: ఒక ఊపిరికి 6.7 పికోసెకన్లు. సెకనుకి పదిహేను వేల కోట్ల ఊపిర్లు. ఇరవై పికోసెకన్ల సినిమాలో సరిగ్గా మూడు కనిపిస్తాయి.

చిజురు


ఓకాయా
జూన్ 9

చిజురుకి,

వానలు మొదలయ్యాయి. పేపరు సంగతి తెలిసి సంతోషించాం. ఫుసాయె ప్లమ్ కాయలు ఉప్పులో వేసింది. ఒళ్ళు జాగ్రత్త.

మొమోసె తేయిజి

చిజురు గారూ, ఆయన పోస్టుకి వెళ్ళడానికి గొడుగు వెతుక్కుంటుంటే ఈ ముక్క చేర్చి కవరు అంటిస్తున్నాను. పై అరలోంచి పాత నోటుబుక్కుల పెట్టె దింపించుకున్నారు. మూడు రోజులుగా బల్ల మీద కాగితాలు, పెన్సిలు. "ఏం లెక్క అది?" అంటే "చిన్నది" అన్నారు. చిన్న లెక్కకి మనిషి అన్నం మానేస్తాడా? మీకేమైనా తెలిస్తే చెప్పండి. ఫుసాయె.


సెండాయ్
జూన్ 25

మొమోసె గారికి,

ఆరు పేజీలకి తక్కువ మీరెప్పుడూ రాయలేదు. ఈసారి ఆరు వరసలు. ఒంట్లో బాగాలేదా? నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?

పేపరు ప్రూఫులు వచ్చాయి. చివర కృతజ్ఞతల్లో మీ పేరు పెట్టాం. ఏ అక్షరాలతో రాయాలో ఒకసారి సరిచూసి చెప్పండి.

చిజురు


ఓకాయా
జూలై 6

చిజురుకి,

ఒంట్లో బాగానే ఉంది. నా పేరు అచ్చెయ్యొద్దు. ఎందుకో ఇంకో పది వరసల్లో నీకే తెలుస్తుంది.

నా బడి లెక్క ఇది. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బండి ఒక మిల్లీమీటరు జరుగుతుంది. వెలుగు వెళ్ళాలి, తిరిగి రావాలి, కాబట్టి రెండు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు నడవడానికి వెలుగుకి పట్టే కాలం ఎంత? 6.67 పికోసెకన్లు. నమ్మకం కుదరక తొమ్మిదిసార్లు వేశాను. ఫుసాయె కిరాణా చీటీ వెనక కూడా వేశాను.

చిజురూ, రేకు మారినా, పొరలు మారినా మారనిది ఆ గదిలో ఇంకేముంది? నా స్క్రూ ఉంది.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికే నెల పట్టింది. మన వర్క్‌షాపులో చేసిన ప్రతి పనికీ చీటీ కట్టి ఇవ్వడం ఆచారమని నీకు తెలుసు. ఏ కొలతకి ఎంత తప్పు మిగిలిందో దాని మీద చేసినవాడే రాసి సంతకం పెట్టాలి. ఆ నవంబరులో స్క్రూ మరలన్నీ బాగానే వచ్చాయి. కానీ దాని కొస బేరింగులో కూర్చునే చోట, ఆ భుజం సరిగ్గా నిటారుగా రాలేదు. గేజి పెట్టి చూస్తే చుట్టుకి ఒకసారి రెండు మైక్రాన్లు, మిల్లీమీటరులో అయిదు వందలో వంతు. అంటే ప్రతి చుట్టుకీ బండి ఒకసారి ఎవరో పిలిచినట్టు కాస్త తల తిప్పుతుంది.

నిరసావా గారు వచ్చి "ఎంత?" అన్నారు.

"రెండు. మళ్ళీ తీస్తాను, ఇంకో పదిహేను రోజులివ్వండి" అన్నాను.

"పై వారం నుంచి నాకు బండి కావాలి మొమోసె గారూ. నా పనికి పది మైక్రాన్లున్నా పరవాలేదు."

ఆయన అన్నది నిజం. ఆ రోజుల్లో వాళ్ళ వెలుగు మచ్చ బఠాణీ గింజంత. అందులో రెండు మైక్రాన్లు ఎవడికి కావాలి? ఇచ్చెయ్యడం తప్పు కాదు. తప్పు చీటీ దగ్గర జరిగింది. "మొమోసె, రెండు" అని రాయడానికి చెయ్యి రాలేదు. పక్క బల్ల వాళ్ళు చదువుతారు. "అర మైక్రాన్ లోపు" అని రాశాను. నా నోటుబుక్కులో మాత్రం రెండు అనే ఉంది. ఇరవై ఏడేళ్ళు అది అక్కడే పడుకుంది. నువ్వు ఏప్రిల్‌లో అడిగితే ఆ చీటీ మాటే మళ్ళీ రాశాను. చూసి రాయలేదు, అలవాటుగా రాశాను. అబద్ధం అంత పాతదైతే రాస్తున్నప్పుడు అబద్ధంలా తోచదు.

ఇప్పుడు నీ సూక్ష్మదర్శిని కింద వెలుగు మచ్చ మైక్రానంత. బండి తల తిప్పితే ఆ మచ్చ రేకు మీద పక్కకి జరుగుతుంది, ఫొటో మసకబారుతుంది. తల తిరిగి వస్తే వెలుగుతుంది. అదే నువ్వు చూసిన ఊపిరి అని నా భయం.

ఒక మాట అడగనా. నేను మిల్లీమీటర్లలో చెప్పమన్నాను. నువ్వు పికోసెకన్లలో చెప్పావు. రెండో తరగతి గుణకారం నీకు రాక కాదు.

నా లెక్క తప్పు కావచ్చు. తేల్చడానికి ఒక దారుంది. పిచ్ ముప్పావు మిల్లీమీటరు ఉన్న ఇంకో స్క్రూ తీసి పంపుతాను, అదే వంకర పెట్టి. మంచి స్క్రూ పంపితే ఊపిరి పోతుంది, కానీ నువ్వు బండి విప్పి అద్దాలు చెడగొట్టావు, అందుకే పోయింది అంటారు. వంకర స్క్రూ పెడితే ఊపిరి పోదు, వేగం మారుతుంది. ఇరవై పికోసెకన్లలో మూడు కాక నాలుగు వస్తే ఇక ఎవరూ మాట్లాడలేరు. మూడే వస్తే అది నిజంగా రేకుదే. ఆ రోజు నేను సెండాయ్ వచ్చి నీ ముందు గుంజీలు తీస్తాను.

మొమోసె తేయిజి


సెండాయ్
జూలై 14

గౌరవనీయులు మొమోసె తేయిజి గారికి,

మీ ఉత్తరం అందింది.

రేకు లేని వట్టి గాజు మీద మేము ఇదే కొలత వంద సార్లు తీసుకున్నాం. ఊపిరి లేదు. బండిదే తప్పయితే గాజు మీదా రావాలి. ఇది మొదటి సంవత్సరం విద్యార్థి కూడా చేసే పరీక్ష.

మీరు ఏప్రిల్ 30న "అర మైక్రాన్ లోపు" అని రాశారు. నేను దాన్ని పేపరులో రాశాను. ఇప్పుడు రెండు అంటున్నారు. ఏప్రిల్‌లోనే రెండు అని ఉంటే నాకు ఆలోచించుకోవడానికి ఆరు నెలలుండేవి. ప్రూఫులు సరిచూసి పంపేశాను. వచ్చే నెలలో అచ్చవుతుంది.

నిరసావా గారితో మీ పేరు చెప్పకుండా, బండిని ఒకసారి విప్పి చూద్దామా అన్నాను. "అక్టోబరు దాకా దాని మీద ఈగ వాలినా ఊరుకోను" అన్నారు. నేనూ ఊరుకోను.

నాకు ముప్ఫై నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళు ఈ గదిలోనే గడిపాను. నోటుబుక్కులో ఒక అంకె కోసం వాటిని వదులుకోమని అడగడం మీకు తేలికగా ఉండి ఉండవచ్చు.

స్క్రూ పంపవద్దు.

ఓయికావా చిజురు


ఓకాయా
ఆగస్టు 3

చిజురుకి,

పంపవద్దన్నావు, పంపుతున్నాను. నాకు చిన్నప్పటి నుంచీ వద్దన్న పనే సరిగ్గా వస్తుంది.

ముందు గాజు సంగతి. మీరు ఫొటో తీస్తున్నది వస్తువుని కాదు, మొదటి దెబ్బకి వస్తువులో వచ్చిన మార్పుని. గాజుకి దెబ్బ తగలదు, అందులో మార్పే లేదు. లేని మార్పు మీద మచ్చ ఎంత జరిగినా కనబడదు. రేకులో మార్పుంది, అందుకే కనబడుతుంది. ఇది చెప్పడానికి నేను సరిపోను. నీకిది తెలియక కాదని కూడా అనుకుంటున్నాను.

పెట్టెలో స్క్రూ, దాని నట్టు ఉన్నాయి. ఇరవై రెండు రోజులు పట్టింది. మరలు తీయడానికి ఆరు రోజులు. మిగతావన్నీ వంకర పెట్టడానికి. నవ్వుకో. అరవై ఏళ్ళు నిటారుగా తీయడం నేర్చుకున్న చెయ్యి వంకరగా తియ్యమంటే మాట వినదు. మొదటిసారి భుజం చెక్కితే అర మైక్రాన్ వచ్చింది. 1998లో కావాలన్నా రానిది ఇప్పుడు వద్దంటే వచ్చింది. రెండోసారి అయిదు. మూడోసారికి రెండు. డయల్ మీద ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే ఫుసాయె టీ తెచ్చి గుమ్మంలో నిలబడి, "చెడగొట్టడానికి ఇంత కష్టపడే మనిషిని చూడలేదు" అంది. "ఇది చెడగొట్టడం కాదు, కాపీ తీయడం" అన్నాను. "మీ తప్పుకి మీరే కాపీ తీసుకుంటున్నారా? అయితే చక్కగా తీసుకోండి" అని టీ అక్కడ పెట్టి వెళ్ళింది.

చీటీ కట్టాను. చదువు: "పిచ్ 0.75. తప్పు రెండు మైక్రాన్లు, చుట్టుకి ఒకసారి. తెలిసి చేసింది. మొమోసె."

నీ పద్నాలుగేళ్ళ గురించి రాశావు. నాకేమీ తేలిక కాదు. కానీ ఆ మాటకి జవాబు రాయడానికి నాకు అర్హత లేదు, కాబట్టి రాయను. పెట్టె తెరవకుండా పక్కన పెట్టినా నిన్ను ఏమీ అనను. ఇంకో ఉత్తరం కూడా రాయను.

మొమోసె తేయిజి


సెండాయ్
ఆగస్టు 17

మొమోసె గారికి,

పెట్టె వారం రోజులు నా బల్ల కింద ఉంది. కాలు తగిలినప్పుడల్లా పక్కకి జరిపాను.

పెద్దల ఆత్మలు ఇళ్ళకొచ్చే బోన్ సెలవులకి అందరూ తమ ఊళ్ళకి వెళ్ళారు. నిరసావా గారు పెద్దల సమాధులు కడగడానికి యమగాతా వెళ్ళారు. నేను వెళ్ళలేదు. మా అమ్మ ఫోన్ చేసి "మీ నాన్న ఆత్మ నేను పుల్లల కాళ్ళు గుచ్చి పెట్టిన దోసకాయ గుర్రమెక్కి వచ్చి నువ్వు లేవని చూసి వెళ్ళిపోతాడు" అంది. "పని ఉందమ్మా" అన్నాను. "చచ్చినవాళ్ళకే తీరిక ఉంటుంది" అంది.

పదమూడో తారీఖు పొద్దున పెట్టె తెరిచాను. మధ్యాహ్నానికి బండి విప్పి మీ పాత స్క్రూ తీసి బల్ల మీద పెట్టాను. ఇరవై ఏడేళ్ళ నూనె వాసన. కొత్తది బిగించి, అద్దాలు సర్దడానికి రెండు రోజులు పట్టింది. కంప్యూటరుకి పిచ్ 0.75 అని చెప్పాను. ఎనిమిది పొరల రేకు, మేము పేపరులో బొమ్మ వేసిన అదే రేకు పెట్టాను.

నాలుగు వచ్చాయి.

మూడు పొరల రేకు పెట్టాను. నాలుగే. ఊపిరికి 5.0. మీ లెక్కకి పక్కన పెట్టి చూసుకోండి.

మొదట వచ్చినది ఏడుపు కాదు, తేలికదనం. ఎందుకో చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో, పేపరు పంపడానికి పది రోజుల ముందు, ఒక సాయంత్రం బండిని అర మిల్లీమీటరు వెనక నుంచి మొదలుపెట్టాను. అనుకోకుండా జరిగింది. ఊపిరి రేకుదే అయితే దెబ్బ పడిన క్షణం నుంచే మొదలవ్వాలి, బండి ఎక్కడ నిలబడి ఉన్నా సరే. ఆ రోజు అది తిరగబడి వచ్చింది, వెలగాల్సినప్పుడు మసకగా. రేకు పాడైందనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆ కొలతల ఫైలుకి "పనికిరానివి" అని పేరు పెట్టాను. మీరు మిల్లీమీటర్లలో అడిగినప్పుడు నా చెయ్యి ఆగింది. "ఒకటి" అని రాయాల్సి వస్తుంది. రాస్తే మీరు చూస్తారు. అందుకే పికోసెకన్లలో రాశాను.

మీరు చీటీ మీద నిజం రాయలేదు. నేను ఫైలు మీద అబద్ధం రాశాను. జూలైలో మిమ్మల్ని అన్న మాటలన్నీ నాకు నేను చెప్పుకోవలసినవి. క్షమించండి.

పేపరు ఇరవై ఎనిమిదిన అచ్చవుతుంది. నిరసావా గారు సోమవారం వస్తారు.

చిజురు


ఓకాయా
ఆగస్టు 21

చిజురుకి,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. సోమవారం లోపు చేరాలని ఇది ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను.

నిరసావా గారికి కూడా రాశాను. నా నోటుబుక్కులో ఆ పేజీ చింపి, పెట్టి పంపాను. నువ్వు ఫిబ్రవరి సంగతి ఆయనకి చెప్పాలో వద్దో నేను చెప్పను. నా ఉత్తరంలో దాని ఊసు లేదు. నువ్వు చెప్పకపోతే తప్పంతా స్క్రూదీ నాదీ అవుతుంది. ఎనభైకి దగ్గర పడ్డవాడికి అదేం బరువు కాదు. ఆలోచించుకో.

ఇంకో స్క్రూ మొదలుపెట్టాను. పిచ్ ఒక మిల్లీమీటరు. ఇది దేన్నీ రుజువు చెయ్యడానికి కాదు. నీ బండిలో ఇప్పుడున్నది నేను కావాలని చెడగొట్టినది. అలా వదిలేస్తే నాకు అన్నం సహించదు.

మొమోసె తేయిజి


సెండాయ్
నవంబరు 24

మొమోసె గారికి,

మూడు నెలలు రాయలేదు. జింకో చెట్లు పూర్తిగా పసుపైపోయి, నిన్నటి నుంచి రాలుతున్నాయి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ సోమవారం నిరసావా గారి ముందు రెండు గీతలూ పెట్టాను, మూడు ఊపిర్లది, నాలుగు ఊపిర్లది. ఫిబ్రవరి ఫైలు కూడా పెట్టాను. ఆయన మొదట మీ నోటుబుక్కు పేజీ చూశారు, ఆఖరికి నా ఫైలు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నువ్వు చెప్పకపోతే ఈ ఫిబ్రవరి సంగతి ఎవరికీ తెలిసేది కాదు" అన్నారు.

"నాకు తెలుసు కదండీ."

"నీకు ఫిబ్రవరిలోనూ తెలుసు."

ఆయన మీ పేజీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "పది మైక్రాన్లున్నా పరవాలేదని అన్నది నేనే. ఆయన ఉత్తరంలో ఆ ముక్క లేదు. మీ ముసలాయన నా పరువు కాపాడుతున్నాడా?" అన్నారు. తరవాత ఫోన్ తీసి పత్రిక వాళ్ళతో మాట్లాడారు. పేపరు అచ్చవడానికి నాలుగు రోజుల ముందు వెనక్కి తీసుకున్నాం. కారణం రాయమంటే నేనే రాశాను: స్క్రూ సంగతి, చీటీ సంగతి, ఫైలు సంగతి. మీ పేరు రాయలేదు. నా పేరు రాశాను.

అక్టోబరులో కమిటీ కూర్చుంది. ఫిబ్రవరి గురించి రెండు ప్రశ్నలు అడిగారు. మర్యాదగానే అడిగారు. నా పోస్టు పొడిగించలేదు. నడవలో వంగి నమస్కారం పెట్టిన ఆయన ఇప్పుడూ పెడుతున్నాడు. అది మాత్రం నేను ఊహించలేదు. మార్చి తరవాత హచినోహెలో పాలిటెక్నిక్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే పని దొరికింది. అక్కడ లేజరు లేదట. లేత్ ఉందట.

మీ మూడో స్క్రూ సెప్టెంబరులోనే అందింది. అందిందని కార్డు ముక్క కూడా రాయలేకపోయాను. కమిటీ అయిపోయాక, ఇక ఎవరికీ ఏమీ నిరూపించనక్కర్లేని రోజుల్లో దాన్ని బిగించాను. అద్దాలు సర్ది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, పదకొండు రోజులు కొలిచాను. ఎనిమిది పొరలు, అయిదు, మూడు, ఒకటి. దెబ్బ పడిన చోట గీత లేస్తుంది, అక్కడి నుంచి నున్నగా దిగుతుంది, ఎక్కడా తొణకదు. బండిని అర మిల్లీమీటరు వెనక నుంచి మొదలుపెట్టి చూశాను. పావు మిల్లీమీటరు. ఎక్కడి నుంచి మొదలుపెట్టినా ఒకటే గీత. రేకుకి ఏదో ఒక ఊపిరి ఉండే ఉంటుంది, పుస్తకాలు చెప్పినట్టు పొరపొరకీ మారేది. అది మా కంటికి అందనంత చిన్నది. నాకు దొరకలేదు. ఇంకొకరికి దొరుకుతుంది.

నిన్న మధ్యాహ్నం నిరసావా గారు గదిలోకి వచ్చారు. ఆగస్టు తరవాత ఆయన ఇటు రావడం ఇదే మొదటిసారి. తెర మీద గీత చూసి, "ఏముంది ఇందులో?" అన్నారు.

"ఏమీ లేదండీ."

ఆయన వెళ్ళిపోతారనుకున్నాను. కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలు పెట్టి నడిచారు. మళ్ళీ వెనక్కి నడిచారు.

"ఈ స్క్రూ ఎవరు చేశారు?" అన్నారు.

చిజురు